అన్నీ మా ఆవిడకే తెలుసు: గ్లికెల్ అనే ముత్యాల వ్యాపారి

వ్యాపారం చేస్తూ, ఇంటికి పెద్దదిక్కుగా ఉండి వెళ్లిపోయిన ఆడవాళ్ల గురించి ఎవరైనా రాస్తే అది దాదాపు ఎప్పుడూ రెండు అచ్చుల్లో ఏదో ఒకదాంట్లో పడిపోతుంది. ఒకటి, మగవాళ్ల లోకంలో ఒంటరిగా నిలబడ్డ ధీరవనిత. రెండోది, పిల్లల కోసం ఒళ్లు హూనం చేసుకున్న తల్లి, ఆ కష్టంలో భాగంగా ఏదో వ్యాపారం కూడా చేసింది. మొదటిదాంట్లో పిల్లలు వెనక వరసలో నిలబడి ఉంటారు, రెండోదాంట్లో వ్యాపారం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆవిడ ఏం కొనేది, ఎవరి దగ్గర కొనేది, అప్పు ఎంత సులువుగా పుట్టేది, బాకీలు ఎలా రాబట్టేది, పిల్లల పెళ్లిళ్లకీ ఆ బాకీలకీ ఉన్న లంకె ఏంటి, ఇవి ఎవరూ రాయరు. కావాలని వదిలేస్తారని కాదు, రాసేవాళ్లకి తెలీదు. తెలిసిన మనిషి పోయింది కాబట్టే కదా రాస్తున్నారు.

పదిహేడో శతాబ్దంలో హాంబర్గ్‌లో ముత్యాలు, నగల వ్యాపారం చేసిన గ్లికెల్ అనే యూదు స్త్రీ విషయంలో మాత్రం ఈ ఇబ్బంది లేదు. తన గురించి తనే రాసుకుంది. 1646 ప్రాంతంలో పుట్టింది, 1724లో పోయింది. పద్నాలుగు మందిని కంటే పన్నెండు మంది పెరిగి పెద్దయ్యారు. భర్త పోయిన తర్వాత, రాత్రిళ్లు నిద్రపట్టక, దిగులు నుంచి మనసు మళ్లించుకోడానికి 1691లో యిద్దిష్‌లో, అంటే అక్కడి యూదులు ఇళ్లలో మాట్లాడుకునే భాషలో, రాయడం మొదలుపెట్టింది. మధ్యలో ఏళ్ల తరబడి ఆపేసి, మళ్లీ అందుకుని, 1719 దాకా లాగింది. మొత్తం ఏడు చిన్న పుస్తకాలు. అచ్చు వేయించాలన్న ఆలోచన లేదు, తాము ఎవరి బిడ్డలో, ఎలాంటి ఇంట్లోంచి వచ్చారో పిల్లలకి తెలియాలన్నదే ఆవిడ కోరిక. యూదు స్త్రీలు రాసుకున్న స్వీయచరిత్రల్లో ఇప్పటిదాకా దొరికిన తొలివాటిలో ఇదొకటి.

చదివేవాళ్లకి మొదట్లో ఇది కొంచెం గందరగోళంగా ఉంటుంది. ఒక పిల్ల పుట్టింది అంటుంది, అదే ఊపులో ఆ ఏడాది బంగారం వ్యాపారం ఎలా నడిచిందో చెప్తుంది, వెంటనే ఎవరో వియ్యంకుడి ఆస్తి ఎంతో, కట్నం ఎంతకి మాట్లాడుకున్నారో, ఏ హుండీ (ఫలానా చోట ఇంత డబ్బు చెల్లించమని వర్తకులు రాసిచ్చే కాగితం) ఎక్కడ ఆగిపోయిందో చెప్తుంది, ఆ పైన ఒక నీతికథ. ఇల్లు వేరు, వ్యాపారం వేరు అని విడగొట్టి చదవబోతే పుస్తకం చేతికి చిక్కదు. ఆవిడ బతుకులో అవి రెండూ ఎప్పుడూ విడిగా లేవు, పుస్తకంలో మాత్రం ఎందుకు ఉంటాయి?

దీనికి కారణం ఆ ఊళ్లలో యూదుల పరిస్థితి. గ్లికెల్ చిన్నపిల్లగా ఉన్నప్పుడే హాంబర్గ్ నగరం జర్మన్ యూదుల్ని వెళ్లగొట్టింది. వాళ్లంతా పక్కనే డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్న ఆల్టోనాలో సర్దుకున్నారు. నడిచి పోయేంత దూరమే, కానీ వ్యాపారం హాంబర్గ్‌లో, పడక ఆల్టోనాలో. నగరంలోకి రావాలంటే పాస్ కొనుక్కోవాలి, ఒక డుకాట్ కడితే నాలుగు వారాలు చెల్లుతుంది. డుకాట్ అంటే బంగారు నాణెం, చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు పెట్టలేని పేదవాళ్లు దొంగచాటుగా దూరేవాళ్లు, దొరికితే జైలే. 1650ల చివర్లో స్వీడన్ సైన్యం ఆల్టోనా మీదకి వచ్చినప్పుడు పారిపోయి హాంబర్గ్‌లోకి వస్తే, అప్పుడు ఎలాగో ఉండనిచ్చారు. వృత్తి సంఘాల్లో వీళ్లకి చోటు లేదు కాబట్టి చేతిపనులు చాలావరకు మూతపడ్డ తలుపులే. మిగిలింది కొనడం, అమ్మడం, వడ్డీకి ఇవ్వడం. అందులోనూ చిన్న మూటలో పట్టేసేది, ఊరు వదిలి వెళ్లమంటే రాత్రికి రాత్రి పట్టుకుపోగలిగేది అయితే మరీ మంచిది. ముత్యాలు, రాళ్లు, బంగారం ఈ లెక్కకి సరిపోతాయి.

ఆడవాళ్లు వ్యాపారం చేయడం ఆ ఇళ్లలో వింతేమీ కాదు, ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి. గ్లికెల్ తల్లి బైలా తండ్రిని పోగొట్టుకున్నాక బంగారు, వెండి జరీతో లేసు అల్లడం నేర్చుకుంది. హాంబర్గ్ వర్తకుల దగ్గర జరీ అప్పు తెచ్చుకుని, అల్లి, అమ్మి, తీర్చి, నమ్మకం సంపాదించుకుని, తర్వాత ఇంకొందరు ఆడపిల్లలకి పని నేర్పి పెట్టుకుంది. తనూ, తల్లీ దాంతోనే బతికారు. గ్లికెల్ తరంలోకి వస్తే బెర్లిన్‌లో ఎస్తేర్ షూల్‌హోఫ్ ప్రష్యా ఆస్థానానికే నగలు సరఫరా చేసింది. కాబట్టి గ్లికెల్‌ని 'కాలానికి ఎదురీదిన ఒకే ఒక్క స్త్రీ' అనడం ఆవిడకి పొగడ్తలా కనిపిస్తుంది కానీ, చుట్టూ ఉన్న మిగతా ఆడవాళ్లందర్నీ చెరిపేస్తుంది. వాళ్లకీ ఈమెకీ పెద్ద తేడా వ్యాపారంలో లేదు. ఈమె రాసింది, వాళ్లు రాయలేదు.

పన్నెండేళ్లకి నిశ్చితార్థం, పద్నాలుగేళ్లకి పెళ్లి. పెళ్లికొడుకు హామెల్న్ ఊరివాడు, పేరు హయీమ్, ఇంచుమించు ఆమె ఈడువాడే. ఏడాది అత్తగారి ఊళ్లో ఉండి, హాంబర్గ్ తిరిగొచ్చి పుట్టింట్లో సర్దుకున్నారు. మొదటి కాన్పు సమయంలో జరిగిన ఒక గొడవని ఆవిడ నవ్వుతూ రాసింది. తల్లీ కూతురూ ఒకేసారి గర్భవతులు, ఒకే గదిలో పురుళ్లు, ఇద్దరికీ ఆడపిల్లలే. ఒక రాత్రి గ్లికెల్ లేచి చూస్తే పక్కలో బిడ్డ లేదు. నిద్రమత్తులో తల్లి ఒళ్లోంచి పిల్లని లాగేసుకోబోయింది, తల్లి ఇవ్వనంది, ఇల్లంతా లేచింది. ఏ పిల్ల ఎవరిదో తేల్చడానికి సొలొమోను రాజుని పిలవాల్సి వచ్చేదేమో అంటుంది. ఇలాంటివి చదివినప్పుడే ఈ మనిషి ఒక చారిత్రక పాత్రలా కాకుండా పక్కింటావిడలా అనిపిస్తుంది.

హయీమ్ మొదట్లో హాంబర్గ్ వీధులు తిరుగుతూ ఇంటింటా పాత బంగారం కొని నగలవాళ్లకి అమ్మేవాడు. తర్వాత ముత్యాల్లోకి, రాళ్లలోకి దిగాడు. సరుకు ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట్ల కొనడం, లైప్‌జిగ్ లాంటి సంతల్లో అమ్మడం, వచ్చిన డబ్బుని హుండీల రూపంలో తిప్పడం. లైప్‌జిగ్ సంత ఏడాదికి మూడుసార్లు జరిగేది, దూరదేశాల వర్తకులంతా అక్కడే కలిసేవాళ్లు, ఒక సంతలో కొన్నదానికి తర్వాతి సంతలో చెల్లించడం మామూలు. హాంబర్గ్‌లో 1558 నుంచి బూర్స్ (వర్తకులు కలిసి బేరాలు చేసుకునే చోటు), 1619 నుంచి బ్యాంక్ ఉన్నాయి, కాబట్టి కాగితాల మీద డబ్బు కదలడానికి అది అనువైన ఊరు. భర్త ఊళ్లు తిరుగుతుంటే ఇక్కడ లెక్కలు, ఉత్తరాలు, తాకట్టు వస్తువులు, వచ్చిపోయే దళారులు, అన్నీ గ్లికెల్ చేతిలో. జూడా బెర్లిన్ అనే కుర్రవాడితో భాగస్వామ్యం పెట్టుకున్నప్పుడు ఒప్పంద పత్రం తయారుచేయడంలోనూ ఆమె చెయ్యి ఉంది, అప్పటికి ఆమెది ఇంకా చిన్న వయసే. తనని సంప్రదించకుండా హయీమ్ ఏదీ చేసేవాడు కాదని పుస్తకంలో ఒకటికి రెండుసార్లు రాసుకుంది. ఇది గొప్ప చెప్పుకోవడంలా లేదు, పిల్లలకి రికార్డు కోసం చెప్పినట్టు ఉంటుంది.

1689 జనవరిలో ఒక సాయంత్రం హయీమ్ వ్యాపారం పని మీద వెళ్తూ పదునైన రాయి మీద పడ్డాడు. కొన్ని రోజుల్లోనే ప్రాణం పోయింది. మంచం మీద ఉన్నప్పుడు, ఆస్తి విషయం ఏమైనా చెప్పాలా, ఎవరికైనా అప్పగించాలా అని అడిగారు. చెప్పడానికి ఏమీ లేదు, అన్నీ మా ఆవిడకే తెలుసు, ఇన్నాళ్లూ ఎలా చేసిందో అలాగే చేస్తుంది అన్నాడని గ్లికెల్ రాసింది. ఆలోచిస్తే ఇది మామూలు మాట కాదు. ధర్మకర్తల్ని పెట్టలేదు, పెద్దకొడుకునో, బావమరిదినో పెత్తనానికి పిలవలేదు. పెళ్లి కావాల్సిన పిల్లలు ఇంకా ఎనిమిది మంది ఇంట్లో ఉన్నారు.

తర్వాత ఏం జరిగిందో చాలా జీవితచరిత్రల్లో 'ధైర్యంగా బాధ్యత తలకెత్తుకుంది' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. గ్లికెల్ లెక్క చెప్తుంది. హయీమ్ మీద 20,000 రైష్‌టాలర్ల (అప్పటి వెండి నాణేలు) అప్పు తేలింది. భర్త పోయిన వ్యాపారి ఇంటి మీద అప్పులవాళ్లకి సహజంగానే అనుమానం ఉంటుంది: వచ్చేది వస్తుందా, ముందు వచ్చినవాడికే దక్కుతుందా? ఒకరు తొందరపడితే మిగతావాళ్లూ ఎగబడతారు, అప్పుడు ఉన్న సరుకు కారుచౌకగా పోతుంది, చెల్లించగల ఇల్లు కూడా దివాలా తీస్తుంది. ఇదంతా ఆమెకి బాగా తెలుసు. అందుకే సరుకంతా వేలం వేసి, మంచి ధరలే పలికాక, అందరికీ కట్టేసింది. అప్పులోళ్లు అడగకముందే తీర్చడం అనేది నిజాయితీ మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు, అది రేపటి వ్యాపారానికి పెట్టుబడి కూడా. ఈ ఇంట్లో మగవాడు పోయినా మాట పోలేదు అని హాంబర్గ్ వర్తకులకి తెలియడానికి దీనికన్నా గట్టి పద్ధతి లేదు.

మనుషుల సంగతి కూడా దాచలేదు. రెండు మూడు వారాలు తల్లి, తోబుట్టువులు, తెలిసినవాళ్లు వచ్చి ఓదార్చారు, ఆ తర్వాత గుమ్మం తొక్కినవాళ్లు లేరు, తమ వల్ల బాగుపడ్డవాళ్లే మొహం చాటేశారు అని రాసింది. ఈ భాగంలో చేదు కనిపిస్తుంది, ఆమె దాన్ని తియ్యగా మార్చే ప్రయత్నం చేయలేదు.

తర్వాత పదకొండేళ్లు తన పేరు మీదే నడిపింది. హాంబర్గ్‌లో మేజోళ్లు నేయించే పని పెట్టింది. ముత్యాలు కొని, గింజ సైజు ప్రకారం వేరుచేసి, ఏది ఎవరికి కావాలో వాళ్లకి అమ్మేది. ఇంటి దగ్గర దుకాణంలో నెలకి 500, 600 టాలర్ల అమ్మకం, ఏడాదికి రెండుసార్లు బ్రౌన్‌ష్వైగ్ సంత, అక్కడ ఒక్కో సంతకి వేలల్లో. ఆడమనిషి ఒంటరిగా దూరప్రయాణాలు చేయడం మర్యాద కాదు కాబట్టి కొడుకునో, దగ్గరివాళ్లనో వెంట తీసుకెళ్లేది. బూర్స్ నడిచే వేళల్లో పెద్ద మొత్తం కావాలన్నా ఇచ్చేవాళ్లు ఉన్నారన్న ధీమా ఆమె రాతలో తెలుస్తుంది. చాలామంది సంబంధాలు పంపారు, వద్దంది.

ఇక్కడ స్వతంత్రం అనే మాట వాడాలనిపిస్తుంది, వాడొచ్చు కూడా, కానీ అది ఎలాంటి స్వతంత్రమో చూడాలి. ఎవరి సాయం లేకుండా బతకడం అనే అర్థంలో అయితే గ్లికెల్ ఒక్కరోజు కూడా స్వతంత్రంగా లేదు. ఆమె వ్యాపారం అంతా ఇతరులు తనని నమ్మడం మీద, తను ఇతరుల్ని నమ్మడం మీద నడిచింది. ఆ నమ్మకాన్ని ఊరు దాటించి వేరే దేశం దాకా తీసుకెళ్లే దారి ఒకటే ఉంది, అది పెళ్లిళ్లు.

పిల్లల సంబంధాలు ఎక్కడెక్కడ కుదిర్చిందో మ్యాపులో పెట్టి చూస్తే విషయం తేటతెల్లం అవుతుంది: క్లేవ్, బెర్లిన్, మెట్స్, కోపెన్‌హాగన్, బాంబెర్గ్, బైయర్స్‌డోర్ఫ్. వీటిలో కొన్ని వ్యాపార కేంద్రాలు, కొన్ని ఏదో ఒక ప్రభువు ఆస్థానానికి డబ్బు సర్దే యూదు షావుకారు ఉండే చోట్లు. ఆ రోజుల్లో వేరే ఊరివాడు బాకీ ఎగ్గొడితే కోర్టుకెళ్లి రాబట్టుకోవడం యూదు వ్యాపారికి దాదాపు అయ్యే పని కాదు. వియ్యంకుడైతే ఆ ఊళ్లో మన తరపున కబురు పంపుతాడు, హుండీకి పూచీ ఉంటాడు, సంతకి వెళ్లినప్పుడు ఇంట్లో దించుకుంటాడు, ఎవడు మునిగిపోబోతున్నాడో ముందే చెవిలో వేస్తాడు. కాబట్టి కట్నం ఎంత అని ఆమె పదే పదే రాయడం చూసి ఈవిడకి డబ్బు యావ ఎక్కువ అనుకునేవాళ్లు ఉన్నారు, ఆ విమర్శలో న్యాయం తక్కువ. కట్నం ఇక్కడ కొత్త జంట వ్యాపారానికి మూలధనం, రెండు ఇళ్ల పరపతి ఒకదానితో ఒకటి ముడిపడిందని నలుగురికీ తెలిపే ప్రకటన కూడా. ఆ పద్ధతి ఆడపిల్లల మీద ఎంత బరువు పెట్టిందన్నది వేరే చర్చ, పన్నెండేళ్ల పిల్లకి సంబంధం ఖాయం చేయడం ఈరోజు ఎవరూ సమర్థించరు. అయినా ఆ కాలంలో అది ఎలా పనిచేసిందో చూడకపోతే గ్లికెల్ అర్థం కాదు.

పెద్దకూతురు సిపోరా పెళ్లి ఆ లెక్కన ఆమె సాధించిన పెద్ద గెలుపు. వియ్యంకుడు క్లేవ్‌లో ఎలియాస్, గోంపెర్ట్స్ వంశం, బాగా కలిగినవాడు. పెళ్లికి ప్రిన్స్ మారిస్ వచ్చాడు, తర్వాత ప్రష్యాకి మొదటి రాజైన ఫ్రెడ్రిక్ అప్పటికి కుర్రాడు, అతనూ వచ్చాడు. ఇంత హడావిడిలో అసలైన కాగితం, యూదు పెళ్లికి తప్పనిసరి అయిన కెతుబా అనే వివాహ ఒప్పందం రాయడమే మర్చిపోయారు. వధూవరులు మండపంలో నిలబడ్డారు, రాజకుమారులు చూస్తున్నారు, కాగితం లేదు. చివరికి గురువు ఒక పుస్తకంలో ఉన్న నమూనాని చదివేసి, పెళ్లయ్యాక రాసేలా పూచీ తీసుకున్నాడు. తల్లిగా ఆవిడ టెన్షన్ ఏ స్థాయిలో ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. రాసినప్పుడు మాత్రం ఆ మర్యాదల వైభవమే ఎక్కువ గుర్తొచ్చినట్టుంది, అలాంటి గౌరవం వందేళ్లలో ఏ యూదుడికీ దక్కలేదన్న గర్వం దాచుకోలేదు.

ఈ ముడి మంచికి ఎంత పనికొచ్చిందో చెడుకీ అంతే. లేబ్ అనే కొడుకుకి చిన్న వయసులోనే బెర్లిన్ సంబంధం చేసింది. అక్కడ దుకాణం పెట్టాడు. అనుభవం లేదు, సరుకు ఎవరెవరికో అరువిచ్చాడు, చుట్టూ ఉన్నవాళ్లు దోచుకున్నారు, అప్పుల్లో కూరుకుపోయాడు. కొడుకు దివాలా తీస్తే అది బెర్లిన్ వార్తగా ఆగదు. ఫలానా ఇంటివాళ్లు ఎగ్గొట్టారట అని వారంలో హాంబర్గ్‌కి, నెలలో లైప్‌జిగ్‌కి పాకుతుంది, అప్పుడు మిగతా పిల్లల సంబంధాలూ, తల్లి హుండీలూ అన్నీ ఒకేసారి ఊగుతాయి. గ్లికెల్ తన డబ్బు పోసి అతన్ని గట్టెక్కించి, హాంబర్గ్‌కి తెచ్చుకుని తన కళ్ల ముందు పని చేయించుకుంది. కుదుటపడుతున్నాడు అనుకునేసరికి చిన్న వయసులోనే పోయాడు. ఈ కొడుకు గురించి రాసిన పేజీల్లో కోపం ఉంది, నష్టపోయిన మొత్తాలు ఉన్నాయి, అతని మంచి మనసు గురించిన మాటలూ ఉన్నాయి. ఇక్కడ ఏది తల్లి బాధ, ఏది వ్యాపారి నష్టం అని వేరుచేయాలని చూడటం దండగ.

సరే, పదకొండేళ్లు ఎవర్నీ దరిచేరనివ్వని మనిషి యాభై దాటాక రెండోపెళ్లి ఎందుకు చేసుకుంది? పుస్తకం మొత్తంలో ఇదే కీలకమైన చోటు, ఆవిడ తనని తాను బాగా తిట్టుకునేదీ ఇక్కడే. కారణం సూటిగానే చెప్పింది. వయసు మీద పడుతోంది, సంతల వెంట తిరగడానికి ఒంట్లో సత్తువ లేదు. దారిలో ఒక మూట పోయినా, ఎవడైనా పెద్ద బాకీదారు మునిగినా తను దివాలా తీయాల్సి వస్తుంది, అప్పుడు తనని నమ్మి ఇచ్చినవాళ్లు నష్టపోతారు, పిల్లల తల కొట్టేసినట్టవుతుంది, సమాధిలో ఉన్న భర్తకీ అవమానమే. తన పిల్లలకి తను బరువు కాకూడదు. ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న మెట్స్‌లో కాపురం ఉంటున్న కూతురు ఎస్తేర్ వైపు నుంచి సంబంధం వచ్చింది: సెర్ఫ్ లెవీ, ఆ ఊళ్లో పెద్ద ఫైనాన్షియర్, భార్య పోయినవాడు. ఒప్పుకుంది. హాంబర్గ్ వదిలి వెళ్లేవాళ్లు నగరానికి కట్టాల్సిన పన్ను తప్పించుకోడానికి నిశ్చితార్థం సంగతి గుట్టుగా ఉంచింది, ఆ వయసులో కూడా లెక్క తప్పలేదు. 1700లో పెళ్లయింది.

మెట్స్ ఇంట్లో కలిమికి లోటు లేదు. కానీ ఇంటి పెత్తనం పాత పనిమనిషి చేతుల్లో ఉండేది, తనని ఏదీ అడిగేవాళ్లు కాదు అంటుంది. ముప్పై ఏళ్లు మొదటి భర్త పక్కన కూర్చుని ప్రతి లెక్కా చూసిన మనిషికి, తర్వాత తనే అన్నీ నడిపిన మనిషికి, ఇక్కడ భర్త వ్యాపారం సంగతి పైకి కనిపించే మర్యాదల మేరకే తెలుసు. భర్త రాత్రిళ్లు నిద్రలో మూలిగేవాడు, ఎందుకో అడిగితే చెప్పేవాడు కాదు. పెళ్లయిన రెండేళ్లకే, 1702లో, సెర్ఫ్ లెవీ దివాలా తీశాడు. ఆమె తెచ్చుకున్న డబ్బూ అందులో కొట్టుకుపోయింది. దేని నుంచి పారిపోయి వచ్చిందో అది మొగుడి ఇంట్లోనే ఎదురైంది. తన వ్యాపారం తను నడిపినంతకాలం ఆమె ఎప్పుడూ దివాలా తీయలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

చట్టం, ఆచారం కోణంలో చూస్తే ఇది గ్లికెల్ ఒక్కదాని దురదృష్టం కాదు. అప్పటి ఐరోపాలో చాలాచోట్ల పెళ్లికాని పిల్ల తండ్రి చాటున, పెళ్లయిన స్త్రీ భర్త చాటున ఉండేవాళ్లు, భర్త పోయిన స్త్రీకే తన పేరు మీద సంతకం పెట్టే వీలు, అప్పు ఇచ్చిపుచ్చుకునే వీలు పూర్తిగా దొరికేవి. అందుకే ఆ శతాబ్దాల్లో వ్యాపారం చేసిన స్త్రీల పేర్లు వెతికితే ఎక్కువమంది విధవలే తగులుతారు. వందేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో షాంపేన్ వ్యాపారాన్ని ఐరోపా అంతటా పరిచిన బార్బ్ నికోల్ పోన్సార్డాన్ కూడా 1805లో భర్త పోయాకే, ఇరవై ఏడేళ్ల వయసులో పగ్గాలు పట్టింది, ఆమె కంపెనీ పేరులో ఈరోజుకీ విధవ అనే మాటే ఉంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. గ్లికెల్ చేసుకుంది, చేసుకున్న రోజుతోనే పగ్గాలు చేజారాయి.

1712లో సెర్ఫ్ లెవీ కూడా పోయాడు. కూతురు ఎస్తేర్, అల్లుడు రమ్మన్నారు, వెళ్లలేదు. పొయ్యి కూడా లేని ఒక అద్దె గదిలో, మెట్లెక్కలేక ఎక్కుతూ, దాదాపు మూడేళ్లు గడిపింది. కూతురింట్లో ఉండకపోవడానికి చాలా కారణాలున్నాయని మాత్రం రాసి వదిలేసింది. ఆరోగ్యం బాగా చెడ్డాక 1715లో వెళ్లక తప్పలేదు. అక్కడ తనని ఎంత బాగా చూసుకున్నారో వివరంగా రాసింది: కంచంలో మంచి ముక్క ముందు తనకే, మధ్యాహ్నం ఎక్కడికైనా వెళ్లి భోజనానికి అందకపోతే మూడు నాలుగు రకాలు తీసి ఉంచేవాళ్లు. ఆ మర్యాదని లెక్కపెట్టి మరీ రాసిన తీరులో ఇంకెవరి ఇంట్లోనో తింటున్నానన్న ఎరుక దాగి ఉంది.

దీన్ని పుస్తకం మొదట్లో ఆమె చెప్పిన కథ పక్కన పెట్టి చదవాలి. ఒక పక్షి తన మూడు పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని సముద్రం దాటిస్తుంటుంది. నడిమధ్యలో మొదటి పిల్లని అడుగుతుంది, నీకోసం ఇంత కష్టపడుతున్నానే, ముసలితనంలో నన్ను ఇలాగే చూసుకుంటావా అని. చూసుకుంటాను అంటుంది పిల్ల. అబద్ధం అని నీళ్లలోకి వదిలేస్తుంది. రెండోదీ అదే జవాబు, అదే గతి. మూడోది, మీకు ఎంతవరకు చేయగలనో మాటివ్వలేను, కానీ మీరు నాకు చేసినట్టు నేను నా పిల్లలకి చేస్తాను అంటుంది. దాన్ని ఒడ్డుకి చేరుస్తుంది. చాలామంది దీన్ని తల్లి ప్రేమ కథగా చదువుతారు. వ్యాపారి చెప్పిన కథగా చదివితే ఇంకోటి కనిపిస్తుంది: ఇది తిరిగి రాని అప్పు, ఇచ్చేవాళ్లకి ముందే తెలుసు, అది కిందికే పారుతుంది, కాబట్టి వసూలు మీద ఆశ పెట్టుకుని ఇవ్వకూడదు. తీర్చగలనని మాటిచ్చేవాణ్ని నమ్మకపోవడం కూడా అప్పులిచ్చి ఆరితేరినవాళ్ల తెలివే. అంత స్పష్టంగా తెలిసిన మనిషే చివర్లో కూతురి ఇంట కూర్చుని, తనకి దక్కినదంతా తు.చ. తప్పకుండా జమ రాసుకుంది.

ఆమె స్వయంగా రాసిన ప్రతి దొరకలేదు. రబ్బీ, అంటే యూదు మతగురువు, అయిన కొడుకు మోషే దాన్ని నకలు తీసి ఉంచాడు, కుటుంబంలో చేతులు మారుతూ వచ్చింది. 1896లో డేవిడ్ కౌఫ్‌మన్ అనే పండితుడు యిద్దిష్ మూలాన్ని అచ్చు వేయించాడు. 1910లో జర్మన్‌లోకి తెచ్చింది బెర్తా పాపెన్‌హైమ్, జర్మనీలో యూదు మహిళా సంఘాన్ని స్థాపించిన ఆవిడ, గ్లికెల్‌కి దూరపు బంధువు. ఆ పాత కాలపు దుస్తులు వేసుకుని గ్లికెల్‌లా కూర్చుని బొమ్మ కూడా గీయించుకుంది. ఇప్పుడు గ్లికెల్ అని వెతికితే చాలాచోట్ల కనిపించేది ఆ బొమ్మే, అందులో మొహం పాపెన్‌హైమ్‌ది. ఆ తర్వాత చరిత్రకారులు ఈ పుస్తకాన్ని యూదు కుటుంబాల గురించే కాక, అప్పటి సంతలు, కట్నాలు, దారిఖర్చులు, అప్పుల పద్ధతుల గురించి కూడా వాడుకుంటున్నారు. వాటి గురించి రాసిన మగవాళ్లు ఉన్నా, ఇంటి లోపలి నుంచి రాసినవాళ్లు తక్కువ.

పేరు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కౌఫ్‌మన్ 'హామెల్న్ గ్లూకెల్' అని పెట్టాడు, అది మొదటి భర్త ఊరు, ఆమె అక్కడ కాపురం ఉన్నది ఒక్క ఏడాది. మెట్స్ మరణాల పట్టీలో సెర్ఫ్ లెవీ విధవ అని ఉంది. ఇప్పటి పరిశోధకులు కొందరు తండ్రి పేరుతో, యూదా లేబ్ కూతురు గ్లికెల్ అని రాస్తున్నారు. పెళ్లయ్యాక దాదాపు నలభై ఏళ్లు ఉండి, పిల్లల్ని కని పెంచి, కొని అమ్మిన హాంబర్గ్ ఈ మూడు పేర్లలో దేంట్లోనూ లేదు.